ఒక్కసారి వద్దనండమ్మా!

బుచ్చిలింగం మాస్టారికి ఉన్న సుగుణాల్లో మొదటిది ఏమిటంటే, కాలేజీ వాళ్ళు ఇచ్చిన కంప్యూటర్ని ఆయన ఇంతవరకూ వేలితో కూడా ముట్టుకోలేదు. అది ఏ ప్లాస్టిక్ తొడుగులో వచ్చిందో ఆ తొడుగులోనే, ముసుగు తీయని పెళ్ళికూతురిలా బల్ల మీద కూర్చుని ఉంది. రోజూ పొద్దున్నే తడిగుడ్డతో తొడుగు తుడుస్తారు. దూరంగా నిలబడి ఒకసారి చూసుకుంటారు. మిగతా మాస్టార్ల కంప్యూటర్ల మీద అక్షరాలు అరిగిపోయాయి. ఒకాయన దాని మీద టీ ఒలకబోశాడు. ఇంకొకాయన అది మొరాయించినప్పుడల్లా దాని వీపు మీద చరుస్తాడు. వాళ్ళని చూసి బుచ్చిలింగం మాస్టారు జాలిపడేవారు. "వాడమంటే ఎవడైనా వాడతాడయ్యా! దాచినవాడికే తెలుస్తుంది వస్తువు విలువ" అనేవారు. దీన్ని గర్వం అన్నవాళ్ళూ ఉన్నారు. కాదు, ఇది పొదుపు.

ఇంతకీ ఆయన పాఠం చెప్పేది కంప్యూటర్ పిల్లలకే. ఒక ఆఫీసులోకో, దుకాణంలోకో, సంఘంలోకో కొత్త యంత్రం వచ్చిందనుకోండి. అక్కడి మనుషులు దానికి ఎలా అలవాటు పడతారు, ఎందుకు పడరు, పడనివాళ్ళని ఎలా దారికి తేవాలి అన్నదే ఆ పాఠం. ఈ విద్య ఆయనకి ఎవరూ నేర్పలేదు. తనే ఒక పుస్తకం సంపాదించి, తనే చదివి, అర్థం కానిచోట తనే తలాడించి నేర్చుకున్నారు. "గురువు దగ్గర నేర్చుకుంటే గురువుగారి తప్పులు కూడా మనకి అంటుకుంటాయి. నా తప్పులన్నీ నా స్వార్జితం" అనేవారు. అందులో మాత్రం అబద్ధం లేదు.

నేరేళ్ళవలస కాలేజీలో ఈ పాఠానికి చేరినవాళ్ళు ముగ్గురే. కూర్మారావు, తాయారు, జోగినాయుడు. మాస్టారి నోట్లోంచి మాట రాలడమే ఆలస్యం, కూర్మారావు దాన్ని కింద పడనివ్వకుండా బట్టీ పట్టేసేవాడు. తాయారుకి ప్రతిదానికీ అనుమానం. ఏ జవాబు చెప్పినా తీరిపోయే అనుమానం. ఇక జోగినాయుడు, మిగతా ఇద్దరూ మాట పూర్తి చేసేలోగా ఆ పని చేసేసి వచ్చేవాడు. ఊళ్ళో తెలివనేది ఎక్కడైనా ఉంటే అది తమ నలుగురి దగ్గరే ఉందని వాళ్ళ నమ్మకం. మిగతా ఊరు ఎలా బతుకుతోందా అని అప్పుడప్పుడు దిగులు కూడా పడేవారు.

ఇలా ఉండగా ప్రిన్సిపాల్ గారు మాస్టార్ని పిలిపించారు.

"బుచ్చిలింగం గారూ, గురువారం తనిఖీ కమిటీ వస్తోంది. మీ పిల్లలు పెట్టిన కొత్త వస్తువుని ఎక్కడో ఒకచోట మామూలు మనుషులు వాడుకుంటూ వాళ్ళ కంటపడాలి. పడలేదా, మీ పాఠం ఎత్తేస్తారు."

"ఎత్తేస్తే నేనేం చేయాలండీ?"

"హాస్టల్ మెస్ చూసుకోవాలి."

ఆ కాలేజీలో మెస్ పేరు చెబితే ఏడ్చే పిల్లలు ఏడుపు ఆపుతారు. అక్కడి ఉప్మాతో గోడకి పగుళ్ళు పూడ్చిన దాఖలా ఉంది. వెనకటి ఇన్‌చార్జి మీదికి పిల్లలు కంచాలు వాయించుకుంటూ వస్తే, ఆయన చెప్పులు కూడా వేసుకోకుండా మామగారి ఊరు వెళ్ళిపోయాడు. ఇప్పటికీ రాలేదు. చెప్పులు ఇంకా మెస్ గుమ్మంలోనే ఉన్నాయి.

మాస్టారు తిన్నగా క్లాసుకి వచ్చి శిష్యుల్ని కూర్చోబెట్టారు.

"మెడ మీద కత్తి ఉంది నాయనలారా. నేను చెప్పింది చెప్పినట్టు చేయాలి. పొల్లు పోకూడదు."

"పోదు సార్" అన్నారు ముగ్గురూ.

"మొదటిది. కొత్తది ఏది వచ్చినా మనుషులు ముందు వద్దంటారు. వద్దనకుండా ఒప్పుకోవడమనేది లోకంలో లేదు. రెండోది. పాతదాన్ని ఒక్కసారిగా పీకేయకూడదు. పాతదీ కొత్తదీ కొన్నాళ్ళు పక్కపక్కనే నడవాలి. ఇది చేసిన పని అదీ చేయాలి, అది చేసిన పని ఇదీ చేయాలి. అబ్బబ్బ, ఫ్యాను తిరగడం లేదు, ఎవరైనా చూడండి. ఆఁ, తర్వాతది. ఆ వస్తువు పరాయిది కాదు, తమ సొంతం అని వాళ్ళకి అనిపించాలి. ఆఖరిది. ఏ గుంపులోనైనా అందరికంటే చివర ఒప్పుకునేవాడు ఒకడుంటాడు. వాణ్ణి పట్టుకోండి. వాడు ముట్టుకున్నాడంటే మన పని అయిపోయినట్టే."

కూర్మారావు కళ్ళు మూసుకుని వల్లె వేశాడు. "ఒకటి, వద్దంటారు. రెండు, పక్కపక్కనే నడవాలి. మూడు, ఫ్యాను తిరగడం లేదు, ఎవరైనా చూడండి. నాలుగు, సొంతం అనిపించాలి. అయిదు, ఆఖరివాడు."

"భేష్" అన్నారు మాస్టారు. ఆయన దృష్టి అప్పుడు ఫ్యాను మీద ఉంది.

ఊరి చివర వరాలమ్మ టెంట్ హౌస్ ఉంది. పెళ్ళికైనా పెదకర్మకైనా కుర్చీలు, శామియానాలు, వంట గుండిగలు అక్కణ్ణించే వెళ్ళాలి. వరాలమ్మకి చదువు లేదు. నోరు మాత్రం ఉంది. ఆవిడ లెక్కంతా తాళ్ళలోనే. సరుకు బయల్దేరినప్పుడు ఒక తాడు తీసుకుని, కుర్చీల దొంతరకో చిన్న ముడి, గుండిగకో పెద్ద ముడి వేసి, తన పనివాడు పెంటయ్య మెళ్ళో వేసి ట్రాక్టరెక్కించేది. సరుకు తిరిగొచ్చాక ఒక్కో ముడీ విప్పేది. ముడి మిగిలిందంటే ఆ తాడు పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళి, వీధంతా వినపడేలా మిగతా ముళ్ళు కూడా విప్పేది. ఇక కొత్త గిన్నె ఏది కొన్నా ఆ రోజే మేకూ సుత్తీ పెట్టి దాని మీద చుక్కల అక్షరాలతో 'వరాలమ్మ' అని కొట్టించేది. పదిమంది గిన్నెలు కలిసే చోట పేరు లేని గిన్నె ఇల్లు చేరదు.

శిష్యులు ముగ్గురూ కాలేజీ ఫోను ఒకటి పట్టుకుని ఆవిడ దగ్గరికి వెళ్ళారు. అందులో వాళ్ళు ఒక లెక్క తయారుచేశారు. కుర్చీ బొమ్మ, గుండిగ బొమ్మ, శామియానా బొమ్మ ఉంటాయి. వెళ్ళినప్పుడు ఒక నొక్కు, వచ్చినప్పుడు ఒక నొక్కు. అంతే. నిజం చెప్పాలంటే చాలా బాగా చేశారు. చేతులు చేసిన పనిలో లోపం లేదు. ఇబ్బందంతా నోళ్ళతోనూ బుర్రలతోనూ వచ్చింది.

వరాలమ్మ ఫోను తీసుకుంది. కుర్చీ మీద నొక్కింది. గుండిగ మీద నొక్కింది.

"ఇంతేనేటి?"

"ఇంతేనమ్మా."

"బాగున్నాది. ఈ తాళ్ళతో సస్తన్నాను తల్లీ. ఎలకలు ముళ్ళు కొరికీస్తన్నాయి. నిరుడు మా గుండిగలు రెండు ఎలకల కడుపులోకే పోనాయి. ఒరే పెంటయ్యా, ఇటు రా, ఇది సూడు."

పెంటయ్య వచ్చాడు, చూశాడు, నొక్కాడు. "భలేగున్నాదప్పా! ఇకనించి నా మెడకి తాడుండదు" అని చిన్నపిల్లాడిలా మురిసిపోయాడు.

శిష్యుల ముఖాల్లో నెత్తురు చుక్క లేదు. తాయారు మిగతా ఇద్దర్నీ పక్కకి లాగింది.

"వద్దనలేదేంట్రా?"

"వద్దనకుండా ఒప్పుకోవడం లోకంలో లేదు కదా" అన్నాడు కూర్మారావు.

"మరి వీళ్ళు ఒప్పుకున్నారు కదా?"

"అంటే ఒప్పుకోలేదన్నమాట."

"అదీ నిజమే" అంది తాయారు. అనుమానం తీరిపోయింది. అప్పటికే జోగినాయుడు పరిగెత్తుకెళ్ళి మాస్టార్ని సైకిల్ మీద ఎక్కించుకొచ్చేశాడు.

"సార్, ఘోరం జరిగిపోయింది. నచ్చిందంటున్నారు!"

మాస్టారు గుండె మీద చెయ్యి వేసుకున్నారు. పునాదే లేకపోతే పైన మేడ ఎలా కడతాం? కమిటీ వస్తే ఏం చూపిస్తాం? కళ్ళముందు ఉప్మా కదిలింది. ఆయన వరాలమ్మ ముందు చేతులు జోడించి నిలబడ్డారు.

"అమ్మా, ఒక్కసారి వద్దనండమ్మా!"

"ఎందుకు బాబూ? బాగుంటే వొద్దనడమేటి?"

"బాగున్నా వద్దనాలి. పద్ధతి."

పోనీలే పెద్దమనిషి అడిగాడని, "సరే, వొద్దు" అంది వరాలమ్మ, ఫోను చేతిలోంచి వదలకుండానే.

"అలా కాదమ్మా, మనసులోంచి రావాలి."

"మనసుకి నచ్చింది కదేటి మేస్టారూ, ఎలగ వొస్తాది?"

పెంటయ్య తనొకసారి ప్రయత్నిస్తానన్నాడు. గొంతు సవరించుకుని, "వొద్దు బాబో వొద్దు!" అని అరిచి, సిగ్గుపడి నవ్వేశాడు. మాస్టారు పెదవి విరిచారు. కూర్మారావుకి పుస్తకంలో ఇంకో మాట గుర్తొచ్చింది. యంత్రం వస్తే ఉద్యోగం పోతుందని జనం భయపడతారట. అంతే, పెంటయ్య భుజం మీద చెయ్యి వేసి ఎంతో ప్రేమగా చెప్పాడు.

"పెంటయ్యా, ఈ ఫోను వస్తే నీ పని పోతుంది."

"పోనీ బాబూ. నడుం పట్టీసింది. ఇంటికాడ పడుకుంటాను."

"నీకు కోపం రావట్లేదా?"

"నిద్దరొస్తన్నాది."

ఇంకేముంది, ఎంత చెప్పినా లాభం లేకపోయింది. ఒట్టి మూర్ఖులు, మంచి ఏదో చెడు ఏదో తెలియదు, చూడగానే మంచిదాన్ని మంచిదంటారు అని మాస్టారు నొచ్చుకుంటూ వెళ్ళిపోయారు. పోతూ పోతూ, "మొదటిది కుదరకపోతే రెండోది మొదలుపెట్టండి. మొదటిది దానంతటదే వస్తుందేమో చూద్దాం" అన్నారు. ఆ మాట ఎంత నిజమైందో ఆయనకే తెలియదు.

మర్నాడు మామిడివలసలో పెళ్ళి, గోపన్నపేటలో ఒక పెద్దాయనకి పెదకర్మ. రెండు చోట్లకీ సరుకు వెళ్ళాలి. వరాలమ్మకి సంతలో పని పడింది.

"పెంటయ్యా, ముందు పెళ్ళికి ఓ లోడు దింపీసి, మిగిలిన సామాను పెదకర్మకి తోలీ. పిల్లలూ, మీరూ సూసుకోండి" అని చెప్పి వెళ్ళింది.

పెంటయ్య తాడుకి ముళ్ళు వేసుకుని, మెళ్ళో వేసుకుని, పెళ్ళివారికి లోడు దింపి వచ్చాడు. వచ్చేసరికి కూర్మారావు కళ్ళు మూసుకుని ఉన్నాడు.

"ఇది చేసిన పని అదీ చేయాలి. తాడు పెళ్ళికి లోడు పంపింది. ఫోను పంపలేదు."

"నిజమే సుమా" అంది తాయారు.

జోగినాయుడు అప్పటికే ట్రాక్టరు నింపేశాడు. పెళ్ళివారికి మళ్ళీ అంత లోడూ, ఈసారి ఫోను మీద. పెళ్ళివారు కంగారుపడినా, శుభకార్యంలో వచ్చినదాన్ని కాదనకూడదని దింపుకున్నారు. తిరిగొచ్చాక పెంటయ్య బుర్ర గోక్కున్నాడు. రెండు రోజులుగా ఈ పిల్లల మధ్య తిరుగుతున్నాడేమో, అతనికీ తెలివి అంటుకుంది.

"బాబూ, అది సేసిన పని ఇదీ సెయ్యాలన్నారు గదా. ఇప్పుడు ఫోను ఓ లోడు పంపినాది. తాడు ఊరుకుంటే బాగుంటాదేటి?"

"శెభాష్ పెంటయ్యా!" అన్నాడు కూర్మారావు.

ఇంకేముంది! తాడు పంపిందని ఫోను పంపింది. ఫోను పంపిందని తాడు పంపింది. కుర్చీలైపోయాయి. శామియానాలైపోయాయి. గుండిగలు, గరిటెలు, తివాచీలు అన్నీ మామిడివలస పోయాయి. ఇక ఫోను వంతు వచ్చేసరికి షెడ్డులో ఏమీ మిగల్లేదు. అందుకని వరాలమ్మ పడుకునే నులకమంచం ఎక్కించారు. తాడు వంతుకి టెంట్ హౌస్ బోర్డు ఊడదీసి ఎక్కించారు.

మామిడివలసలో కుర్చీలు పందిరి నిండి, వీధి నిండి, గొడ్లసావిట్లోకి వెళ్ళాయి. ఒక గేదె రెండు కుర్చీల మధ్య ఇరుక్కుంది. పెళ్ళికొడుకుని కుర్చీల మీంచి నడిపించుకుంటూ పీటల దగ్గరికి తీసుకురావలసి వచ్చింది. పురోహితుడికి హోమగుండం కనపడక, చేతికందిన గుండిగకి నమస్కారం పెట్టాడు. పందిరి గుమ్మానికి బోర్డు కట్టేయడంతో, వచ్చినవాళ్ళంతా పెళ్ళికూతురి పేరు వరాలమ్మ టెంట్ హౌస్ కాబోలనుకున్నారు.

గోపన్నపేటలో మాత్రం తరిగిన కూరలు తరిగినట్టే ఉన్నాయి. గుండిగ లేదు. బంధువులు ఎండలో నిలబడి ఉన్నారు. నీడ లేదు. పోయినాయన కొడుకులు నలుగురూ కర్రలు పట్టుకుని టెంట్ హౌస్‌కి వచ్చేశారు. సరిగ్గా అప్పుడే వరాలమ్మ సంత నుంచి వచ్చింది. కోపంగా వచ్చినవాళ్ళని ముందు కూర్చోబెట్టడం ఆవిడకి అలవాటు.

"కూకోండి బాబూ, కూకోండి" అంది. వెనక్కి తిరిగి చూసుకుంది. కూర్చోడానికి ఊరుగాయ జాడీ కూడా లేదు.

"మా నాన్న బతికినన్నాళ్ళూ ఇంత అవమానం పడలేదు!" అన్నాడు పెద్దకొడుకు.

సంగతి తెలియగానే వరాలమ్మ ఫోను లాక్కుని, గేదెల నీళ్ళ గోలెంలోకి విసిరికొట్టింది.

"వొద్దు! ఈ ఫోనొద్దు! మీరొద్దు! మీ సదువొద్దు! మీ మేస్టారు నా గుమ్మం తొక్కొద్దు!"

తాయారు కళ్ళు చెమ్మగిల్లాయి. "మనసులోంచి వచ్చిందిరా!" అంది. జోగినాయుడు అప్పటికే మాస్టార్ని సైకిల్ మీద తెచ్చేశాడు. మాస్టారు వచ్చీరాగానే గోలెంలోకి తొంగిచూసి, ఫోను అడుగున ఉందని రూఢి చేసుకుని, ఆనందం పట్టలేక జేబులోంచి పటికబెల్లం తీసి అందరికీ పంచారు. కర్రలు పట్టుకున్నవాళ్ళకి కూడా తలో ముక్కా పెట్టారు.

"చల్లని తల్లివి. ఎంత బాగా వద్దన్నావమ్మా!"

"నాను తిడతంటే మీరు బెల్లం పెడతన్నారేటి?" అంది వరాలమ్మ. ఆవిడకి మొదటిసారి కొంచెం భయం వేసింది.

ఎలాగో మామిడివలస నుంచి సామాను వెనక్కి తెచ్చి గోపన్నపేటకి చేర్చారు. భోజనాలు పొద్దుగూకాక అయ్యాయి. పెంటయ్య ఫోను బయటికి తీసి బియ్యం డబ్బాలో పాతిపెట్టాడు. అది బతికింది. వరాలమ్మ కోపం కూడా చల్లారింది. "ఫోను మంచిదే. గోలెంలో పడీయవలసింది మిమ్మల్ని" అంది. అని, వచ్చిన సామానంతా ఫోనులోనే నొక్కి లెక్క సరిచూసుకుంది. సరిపోయింది. తాళ్ళన్నీ చుట్టబెట్టి మూల పడేసింది.

అంటే అర్థమైందా? ఆవిడ వాడేస్తోంది. రేపు గురువారం. కమిటీ వచ్చి చూస్తే చాలు. మాస్టారి పాఠం నిలబడుతుంది, మెస్ గండం తప్పుతుంది. ఇక నలుగురూ ఇళ్ళకి పోయి కాళ్ళు చాపుకుని పడుకుంటే అయిపోయేది. కానీ తెలివైనవాళ్ళు ఊరికే పడుకుంటారా?

పొద్దున్నే వచ్చేశారు. కూర్మారావు కళ్ళు మూసుకున్నాడు.

"మూడు. ఫ్యాను తిరగడం లేదు, ఎవరైనా చూడండి."

షెడ్డులో ఫ్యాను గిర్రున తిరుగుతోంది. తాయారుకి అనుమానం వచ్చింది. "తిరిగే ఫ్యాను తిరగడం లేదని ఎలా చూస్తాంరా?" జోగినాయుడు స్విచ్చి ఆర్పేశాడు. ముగ్గురూ తలెత్తి, అది పూర్తిగా ఆగేదాకా చూశారు. వరాలమ్మనీ పెంటయ్యనీ కూడా పిలిచి చూపించారు.

"ఏటి సూడాలి?" అంది వరాలమ్మ.

"తిరగడం లేదు కదా?"

"లేదు."

"అయిపోయిందమ్మా. ఇక నాలుగోది. ఈ ఫోను మీ సొంతం అనిపించాలి. అనిపిస్తోందా?"

"మీ కాలేజీ వోళ్ళది గదా బాబూ. నాకెలగ సొంతమవుతాది?"

తాయారు నాలుగువైపులా చూసింది. షెడ్డులో సొంత వస్తువులు ఎలా ఉన్నాయో చూసింది. గుండిగ మీద 'వరాలమ్మ'. గంగాళం మీద 'వరాలమ్మ'. గరిటె మీద, మూకుడు మీద, ఆఖరికి పెంటయ్య టిఫిన్ క్యారేజీ మీద కూడా చుక్కల అక్షరాలతో 'వరాలమ్మ'.

"పేరు లేదురా! దీని మీద పేరు లేదు. అందుకే సొంతం అనిపించ..."

మాట పూర్తి కాలేదు. జోగినాయుడు ఫోనుని బోర్లించిన గుండిగ మీద పెట్టి, మేకు ఆనించి, సుత్తితో ఒక్కటిచ్చాడు.

'వ' అనే అక్షరంలో మొదటి చుక్క చక్కగా పడింది. ఫోను అటు నుంచి ఇటు కనపడేలా పడింది. లోపల ఏదో సన్నగా చిటపటమంది. కుర్చీ బొమ్మ, గుండిగ బొమ్మ, శామియానా బొమ్మ అన్నీ ఒకేసారి చీకట్లో కలిశాయి. జోగినాయుడు ఆగకుండా పేరంతా కొట్టేశాడు. దస్తూరీ ముత్యాల్లా ఉంది.

"ఇప్పుడు సొంతం అనిపిస్తోందా అమ్మా?"

వరాలమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పింది. చిల్లుల్లోంచి పెంటయ్యని చూసింది. "ఆఁ, ఇప్పుడు నాదే. పిండి జల్లించుకోడానికి పనికొస్తాది" అంది.

జోగినాయుడు సైకిల్ మీద వెళ్ళి ఈ కబురు మాస్టారికి చెప్పాడు. కమిటీ భోజనం వేళకి వచ్చేస్తుంది. కాలేజీలో ఇంకో ఫోను లేదు. మెస్ గుమ్మంలో చెప్పులు ఆయన కాళ్ళకోసం ఎదురుచూస్తున్నట్టనిపించింది. ఒక్కటే దారి. ఆయన తన గదిలోకి వెళ్ళి, తలుపు వేసుకుని, తొడుగుని ఇంకోసారి తడిగుడ్డతో తుడిచి, బయటికి వచ్చారు.

"నా కంప్యూటర్ తీసుకెళ్ళండి" అన్నారు. కూతుర్ని అత్తారింటికి పంపే గొంతుతో. "తొడుగు మాత్రం తీయకండి."

ట్రాక్టరు మీద పరుపు వేసి, పరుపు మీద కంప్యూటర్ పెట్టి, పక్కన మాస్టార్ని కూర్చోబెట్టి తీసుకొచ్చారు. వరాలమ్మ చూసింది, నొక్కింది. తొడుగు మీద ఎంత నొక్కినా ఏమీ కాలేదు. సరేనని, ఇంత నున్నటి సామానుని ఊరికే ఎందుకు ఉంచాలని, మూలనున్న తాళ్ళన్నీ తెచ్చి దాని మీద పెట్టింది.

కమిటీ వచ్చింది. కమిటీ అంటే బంగారు ఫ్రేము కళ్ళజోడు పెట్టుకున్న ఒక పెద్దమనిషి, ఆయన వెనక ప్రిన్సిపాల్ గారు.

"అమ్మా, మీరు ఈ కంప్యూటర్ వాడుతున్నారా?"

"వోడతన్నాను బాబూ. పొద్దుట్నించీ."

"దీనివల్ల ఉపయోగం ఏమైనా కనపడిందా?"

"ఎందుకు కనపడ్లేదు? ఎలకలు ఎక్కలేకపోతన్నాయి. జారిపోతన్నాయి. నా లెక్కలన్నీ దీని మీద బద్రంగా ఉన్నాయి."

పెద్దమనిషి ప్రిన్సిపాల్ వైపు తిరిగి కనుబొమలెగరేశారు. "చూశారా? సమాచార భద్రత! మా నగరంలో పెద్దపెద్ద ఆఫీసులే ఇంకా ఈ దశకి రాలేదు."

తర్వాత శిష్యుల్ని సూత్రాలు అడిగారు. కూర్మారావు కళ్ళు మూసుకుని అప్పజెప్పాడు. మూడోదాని దగ్గర పెద్దమనిషి ఆపారు.

"ఏమిటీ, మళ్ళీ చెప్పు?"

"ఫ్యాను తిరగడం లేదు, ఎవరైనా చూడండి."

ప్రిన్సిపాల్ గారికి చెమట పట్టింది. పెద్దమనిషి మాత్రం చాలాసేపు ఆలోచించి తలాడించారు. "పరిసరాల పరిశీలన. ఇది మా పుస్తకంలో లేదు. చేర్చాలి" అన్నారు. అర్థం కానిచోట తలాడించడం ఆయన కూడా స్వయంగా నేర్చుకున్న విద్యే.

"మరి అయిదోది? ఆఖరున ఒప్పుకునేవాడు దొరికాడా?"

శిష్యులు ఒకరినొకరు చూసుకున్నారు. వరాలమ్మ ఒప్పుకుంది. పెంటయ్య ఒప్పుకున్నాడు. కర్రలు పట్టుకొచ్చినవాళ్ళు కూడా పటికబెల్లం తిని ఒప్పుకున్నారు. ఇంకెవరున్నారు? మూడు వేళ్ళు మెల్లగా లేచి బుచ్చిలింగం మాస్టారి వైపు తిరిగాయి.

"సార్ ఇంతవరకూ ముట్టుకోలేదండీ."

పెద్దమనిషికి ఉత్సాహం వచ్చింది. "అయితే ముట్టుకోండి మాస్టారూ! మీరు నడిపిస్తే అందరం చూసి ఆనంది..."

జోగినాయుడు చర్రున తొడుగు చింపేశాడు. తాళ్ళు కిందపడ్డాయి. ఇన్నేళ్ళుగా గాలి తగలని కంప్యూటర్ తళతళమంటూ బయటికొచ్చింది. మాస్టారు ముందు చూశారు, పక్కన చూశారు, వెనక చూశారు, వంగి అడుగున చూశారు. ఎక్కడ నొక్కాలి? పుస్తకంలో మనుషుల గురించి అంతా ఉంది. బొత్తాం గురించి ఒక్క ముక్క లేదు. చివరికి గోడ మీద ఒక స్విచ్చి కనపడితే ధైర్యం చేసి వేశారు. ఫ్యాను తిరిగింది.

"అది కాదు సార్" అంది తాయారు.

అంతే. ఆయనకి దుఃఖం ముంచుకొచ్చింది. "వద్దు! నాకొద్దు! దీన్ని నా కళ్ళముందు నుంచి తీసేయండి!" అని గావుకేక పెట్టారు.

శిష్యులు ముగ్గురూ చప్పట్లు కొట్టారు. "మనసులోంచి వచ్చింది సార్!" పెంటయ్య ఈలవేశాడు. వరాలమ్మ, ఆచారం గదా అని, ఆయన నోట్లో ఒక బెల్లం ముక్క పెట్టింది. పెద్దమనిషి కళ్ళజోడు తీసి కళ్ళొత్తుకున్నారు. "పాఠం చెప్పడమంటే ఇదీ! మొదటి సూత్రాన్ని తనమీదే చేసి చూపించాడు మహానుభావుడు" అన్నారు.

పాఠం నిలబడింది. నిలబడటమే కాదు, పెద్దమనిషి వెళుతూ వెళుతూ ప్రిన్సిపాల్‌తో ఒక మాటన్నారు. "మనుషులకి నచ్చనిదాన్ని అలవాటు చేయించడంలో ఇంత నేర్పున్నవాణ్ణి ఒక్క క్లాసుకే కట్టేస్తారేంటండీ? మీ హాస్టల్లో ఏదో ఉప్మా గొడవ ఉందన్నారు కదా?"

ఇంకేముంది! సాయంత్రానికల్లా బుచ్చిలింగం మాస్టారు పాఠంతో పాటు మెస్‌కి కూడా ఇన్‌చార్జి అయ్యారు. గుమ్మంలో ఉన్న చెప్పులు ఆయనకి సరిగ్గా సరిపోయాయి.

కానీ ఆయన జంకలేదు. శిష్యుల్ని వెంటబెట్టుకుని దిగారు. మొదటి సూత్రం అప్పటికే పూర్తయి ఉంది, పిల్లలు ఉప్మా వద్దని ఏనాడో అన్నారు. ఇక రెండోది. పాతదాన్ని ఒక్కసారిగా తీసేయకూడదు కదా? అందుకని ఆ మర్నాటి నుంచి ప్రతి కంచంలోనూ నిన్నటి ఉప్మా, ఇవాళ్టి ఉప్మా పక్కపక్కనే వడ్డిస్తున్నారు. నిన్నటిది ఎంత పెడితే ఇవాళ్టిదీ అంత పెడుతున్నారు. పిల్లలు కంచాలు వాయించుకుంటూ వస్తే తలుపు తీసి పటికబెల్లం పంచుతున్నారు. రేపు నాలుగో సూత్రం. జోగినాయుడు మేకూ సుత్తీ పట్టుకుని, ఉప్మా మీద ఎవరి పేరు కొట్టాలో వరాలమ్మని అడగడానికి సైకిల్ మీద బయల్దేరాడు. ఉప్మా గట్టిగానే ఉంది కాబట్టి అక్షరాలు బాగా పడతాయని వాళ్ళ ధీమా.

కంప్యూటర్ మళ్ళీ బల్ల మీదికి వచ్చింది. వరాలమ్మ పాత శామియానా గుడ్డతో దానికి కొత్త తొడుగు కుట్టించి పంపింది. మాస్టారు రోజూ పొద్దున్నే తుడుస్తారు, దూరంగా నిలబడి చూస్తారు, రేపు తప్పకుండా నేర్చుకుంటానని దానికి కట్టిన తాడుకి ఒక ముడి వేస్తారు. ముళ్ళు తాడు చివరిదాకా వచ్చాయి. బొత్తాం ఎక్కడుందో ఆయన ఇంకా నేర్చుకోలేదు.